గాయపడిన సైనికుడికి సాయం ఎన్నాళ్లు చేయాలి?

(2025 డిసెంబరు 7, ఆదివారం. సాయుధ దళాల పతాక దినం సందర్భంగా తాడేపల్లిగూడెంలో మాజీ సైనికులు, పట్టణ పెద్దలు కలిసి పెట్టుకున్న సభలో చేసిన ప్రసంగం ఇది. వక్త ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంట్‌గా చేరి సుబేదారుగా రిటైరయ్యారు. సభకు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాశాం.)

అందరికీ నమస్కారం. జై హింద్. వెనక కుర్చీల్లో వాళ్లకు వినబడుతోందా? సరే.

పొద్దున పిల్లలు వచ్చి మీ చొక్కాలకు, చీరకొంగులకు చిన్న జెండా గుచ్చారు కదా. అందులో ఎరుపు ఆర్మీది, ముదురు నీలం నేవీది, లేత నీలం ఎయిర్‌ఫోర్సుది. డబ్బాలో ఎవరికి తోచింది వాళ్లు వేశారు. ఎంత వేశారని నేనడగను. ఆ డబ్బు ఎక్కడికి పోతుందో తెలిసినవాళ్లు మాత్రం చెయ్యెత్తండి. నాలుగు చేతులు. ఆ నలుగురిలో ముగ్గురు మా మాజీ సైనికులే. ఏమ్మా, నువ్వేమనుకున్నావు? తుపాకులు కొంటారనుకున్నావా? నీ తప్పేం లేదమ్మా. నీ ఫోనుకు వచ్చిన మెసేజిలోనూ అదే ఉండి ఉంటుంది. రోజుకు రూపాయి వేస్తే సైన్యానికి ఆయుధాలు కొనవచ్చు, ఇదిగో అకౌంటు నంబరు అని ఏళ్ల తరబడి తిరుగుతోంది ఆ మెసేజి. అది అబద్ధమని ప్రభుత్వమే చెప్పింది. తుపాకులకు, ట్యాంకులకు దేశం బడ్జెట్ నుంచి డబ్బు ఇస్తుంది. దానికి మన డబ్బా అక్కర్లేదు.

మరి ఈ డబ్బా దేనికి? 1949 ఆగస్టు 28న రక్షణ మంత్రి కింద ఒక కమిటీ వేశారు. ఏటా డిసెంబరు 7న ప్రజలకు చిన్న జెండాలు ఇచ్చి విరాళం తీసుకోవాలని ఆ కమిటీ నిర్ణయించింది. స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి రెండేళ్లే. అంటే దేశం పుట్టిన కొత్తలోనే ఈ పని మొదలుపెట్టాం. యుద్ధంలో చనిపోయినవాళ్ల కుటుంబాలకు, యుద్ధంలో వికలాంగులైనవాళ్లకు, మాజీ సైనికులకు అని వేర్వేరుగా ఉన్న నిధులను 1993లో కలిపి ఒక్కటే పతాక దిన నిధిగా చేశారు. ఢిల్లీలో కేంద్రీయ సైనిక బోర్డు దాన్ని చూస్తుంది. జిల్లాలో మన సైనిక సంక్షేమ అధికారి ఆఫీసు ఉంటుంది. 

నేనివాళ మాట్లాడేది గాయపడినవాళ్ల గురించి. వాళ్ల గురించే ఎందుకంటారా? వినండి.

వీరమరణం పొందినవాడి ఊరేగింపు మీరందరూ చూసే ఉంటారు. 2020లో గల్వాన్‌లో కర్నల్ సంతోష్‌బాబు గారు ప్రాణమిచ్చినప్పుడు సూర్యాపేట సూర్యాపేటంతా రోడ్డు మీదికొచ్చింది. రావాలి. ఆ గౌరవం వాళ్లకు దక్కాలి, ఎప్పటికీ దక్కాలి. కానీ గాయపడినవాడు ఊరికి ఎలా వస్తాడు? ఆస్పత్రిలో నెలలు గడిపి, ఏ రాత్రి బండికో స్టేషన్లో దిగుతాడు. తమ్ముడో బావమరిదో చక్రాల కుర్చీ పట్టుకుని ఉంటాడు. బ్యాండు మేళం ఉండదు, దండలుండవు. మొదటి నెల చుట్టాలొస్తారు. పండక్కి ఎమ్మార్వో ఆఫీసు నుంచి ఎవరో వచ్చి శాలువా కప్పుతారు. ఆ తర్వాత? ఆ తర్వాత ఎవరొస్తారండీ? అతనికి ఇరవై రెండేళ్లు. ఇంకా యాభై ఏళ్లు బతకాలి.

మన గూడెం పక్కనే మాధవరం ఉంది. మిలిటరీ మాధవరం అంటేనే జనం గుర్తుపడతారు. ప్రపంచ యుద్ధాల కాలం నుంచి ఇవాళ్టి దాకా ఇంటింటి నుంచీ పట్టాళానికి మనిషిని పంపిన ఊరు. ఆ ఊరి పెద్దలు ఇక్కడ కూర్చున్నారు. నేను చెప్పేది నాకంటే వాళ్లకే బాగా తెలుసు.

నేను ఉద్యోగంలో ఎక్కువ కాలం చేసింది వెన్నెముక దెబ్బతిన్నవాళ్ల వార్డులో. అక్కడికొచ్చేవాళ్లంతా తూటా తగిలినవాళ్లేనని బయట అనుకుంటారు. అలా వచ్చినవాళ్లూ ఉన్నారు. కొండ దారిలో బండి లోయలో పడ్డవాళ్లు, శిక్షణలో తాడు మీంచి జారినవాళ్లు, సెలవు మీద ఊరొచ్చి మోటారు సైకిల్ మీద పోతూ పడ్డవాళ్లు కూడా ఉన్నారు. శ్రీకాకుళం వైపు నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. నడుము కింద స్పర్శ లేదు. వాళ్లమ్మ తోడుగా వచ్చింది. ఆవిడకు హిందీ రాదు, ఆ వార్డులో తెలుగు మాట్లాడేది నేనొక్కణ్ణే. కాబట్టి ఆవిడకు పని నేర్పడం నా వంతైంది.

ఏం నేర్పాలి? మనిషిని పక్కకు తిప్పడం నేర్పాలి. నవ్వకండి బాబూ, ఇది చాలా పెద్ద పని. స్పర్శ లేని ఒంటికి ఒక చోట బరువు పడుతూ ఉంటే అక్కడ రక్తం ఆడదు. గంటల్లో చర్మం ఎర్రబడుతుంది, తర్వాత పుండవుతుంది. అతనికి నొప్పి తెలీదు కాబట్టి చెప్పలేడు. పుండు ఎముక దాకా పోతుంది. అందుకని రెండు గంటలకోసారి తిప్పాలి, పగలూ రాత్రీ. ఎడమ పక్కకు తిప్పాలంటే ముందు కుడి మోకాలు మడవాలి. వీపు వెనక ఒక దిండు, మోకాళ్ల మధ్య ఒక దిండు పెట్టాలి. మడమ పరుపుకు ఆనకుండా గాల్లో ఉండాలి. కింద దుప్పటి ముడత పడకూడదు. ఒక్క ముడత చాలు పుండు మొదలవడానికి. ఆ తల్లి దుప్పటిని అరచేత్తో ఇలా, ఇలా రాసి రాసి సాపు చేసేది. చేసి నా వంక చూసేది. అర్ధరాత్రి నేను డ్యూటీ గదిలో ఉంటే తలుపు దగ్గరకొచ్చి, "రెండు గంటలైపోనాదేటి బావూ?" అని అడిగేది. ఆవిడకు గడియారం చూడటం రాదు.

ఈ రెండు గంటల లెక్క ఎక్కడిదో చెప్తాను. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో వెన్నెముక తెగినవాళ్లు చాలామంది కొన్ని నెలల్లో, మహా అయితే ఒకటి రెండేళ్లలో చనిపోయేవారు. వాళ్ల ప్రాణం తీసింది వెన్ను దెబ్బ కాదండీ. పడక పుండ్లు, మూత్రంలో ఇన్ఫెక్షను. డాక్టర్లు కూడా వీళ్లింతేలే అని వదిలేసేవారు. హిట్లర్ జర్మనీ నుంచి ప్రాణాలు దక్కించుకుని ఇంగ్లండు చేరిన లుడ్విగ్ గుట్‌మన్ అనే యూదు డాక్టరుకు 1944 ఫిబ్రవరిలో స్టోక్ మాండవిల్ అనే చోట వెన్నెముక వార్డు అప్పగించారు. ఆయన వదిలేయలేదు. రెండు గంటలకోసారి తిప్పాల్సిందే అన్నాడు. రాత్రిళ్లు స్వయంగా వచ్చి తిప్పారో లేదో చూసేవాడు. సిపాయిల చేతికి బంతి ఇచ్చాడు, విల్లు ఇచ్చాడు. 1948 జూలై 29న, లండన్ ఒలింపిక్స్ మొదలైన రోజునే, ఆ ఆస్పత్రి పచ్చికలో గాయపడిన సైనికులు, సైనిక మహిళలు కలిపి పదహారు మంది చక్రాల కుర్చీల్లో కూర్చుని విలువిద్య పోటీ పెట్టుకున్నారు. ఇవాళ మీరు టీవీలో చూసే పారాలింపిక్స్ అక్కడ పుట్టింది. గాయపడిన సైనికుల వార్డులో పుట్టిందండీ.

మన దేశంలో అలాంటి వాళ్లకోసం పుణె దగ్గర ఖడ్కీలో 1974లో పారాప్లెజిక్ రిహాబిలిటేషన్ సెంటర్, అంటే వెన్ను దెబ్బతో ఒళ్లు చచ్చుబడ్డవాళ్ల పునరావాస కేంద్రం పెట్టారు. అది ట్రస్టు. మొహాలీలో ఇంకొకటి ఉంది. ఇల్లు మోయలేని కేసులు, చూసుకునే మనిషి లేని కేసులు అక్కడుంటాయి. నడుము కింద పోయినవాళ్లు, మెడ కింద మొత్తం పోయినవాళ్లు. కొందరు పళ్లతో కుంచె పట్టుకుని బొమ్మలు వేస్తారు. చక్రాల కుర్చీల్లో బాస్కెట్‌బాల్ ఆడతారు. విరాళం అనగానే నేను ముందు చెప్పే పేరు ఇదే. ఎందుకంటే అక్కడ ఖర్చు ఆగదు. రోజూ యూరిన్ పైపులు కావాలి, గ్లవుజులు కావాలి, పరుపులు, కుషన్లు, కుర్చీ టైర్లు కావాలి. వీటికి శంకుస్థాపనలు ఉండవు, ఫోటోలు పడవు. దాతలకు బిల్డింగు మీద పేరుంటే ఇష్టం, తప్పులేదు. కానీ పైపుల మీద పేరు రాయలేం కదా. అందుకే పైపులకు డబ్బిచ్చేవాళ్లంటే నాకు రెట్టింపు గౌరవం.

కాలు పోయినవాళ్ల సంగతి కొంచెం చెప్తాను. కృత్రిమ కాలు పెట్టేస్తే అయిపోయిందనుకుంటాం. పుణెలో 1944 నుంచీ సైన్యం వారి ఆర్టిఫిషియల్ లింబ్ సెంటర్ ఉంది, మంచి పని చేస్తుంది. కానీ తెగిన కాలు సైజు మారుతూ ఉంటుంది. వాపు తగ్గి సన్నబడుతుంది, వయసుతో మళ్లీ మారుతుంది. నిరుడు సరిపోయిన సాకెట్, అంటే తెగిన కాలు దూర్చే తొడుగు, ఈ ఏడాది ఒరుసుకుంటుంది. చెప్పు కరిస్తే మనం విప్పేసి నడుస్తాం. అతను ఏం విప్పేసి నడుస్తాడు? కాబట్టి బతికినన్నాళ్లూ కాళ్లు మారుస్తూనే ఉండాలి. ఇంకోటి, లేని కాలు నొప్పి పెడుతుంది. నిజమండీ. లేని పాదం వేళ్లు కొంకర్లు పోతున్నాయని రాత్రిళ్లు ఏడ్చినవాళ్లను చూశాను. అది పిచ్చి కాదు, మెదడు ఆ కాలిని ఇంకా మరిచిపోలేదు. వి.ఎస్. రామచంద్రన్ అని మన చెన్నైలో చదివిన డాక్టరు అమెరికాలో ఉండి 1990లలో దీనికి ఒక ఉపాయం కనిపెట్టారు. నిలువుటద్దం కాళ్ల మధ్య పెట్టి, ఉన్న కాలిని అందులో చూస్తూ కదపమంటారు. లేని కాలు కదులుతున్నట్టు మెదడుకు కనిపిస్తుంది. చాలామందికి ఆ కొంకర్లు సడలుతాయి. మాత్రలతో తగ్గని నొప్పి మామూలు అద్దంతో తగ్గిన వాళ్లు నాకు తెలుసు. అద్దం ఎంతవుతుంది? పక్కన కూర్చుని ఓపిగ్గా రోజూ చేయించే మనిషి కావాలి. సేవా సంస్థలు ఇచ్చేది ఆ మనిషినే.

ఇప్పుడు మీరు అడగాలి. అడగరేం? ప్రభుత్వం పెన్షన్ ఇస్తోంది కదా, మళ్లీ విరాళాలెందుకు అని. ప్రతి సభలోనూ అడుగుతారు, న్యాయమైన ప్రశ్నే. ఇస్తోంది, ఇవ్వడం లేదని నేననను. అంగవైకల్య పెన్షన్ ఉంది. 2003 నుంచి మాజీ సైనికులకు ఈసీహెచ్‌ఎస్ అనే వైద్య పథకం ఉంది. నూటికి నూరు శాతం వైకల్యం ఉంటే, మెడికల్ బోర్డు సిఫారసు చేస్తే, మనిషిని పెట్టుకోవడానికి అలవెన్సు ఉంది. కానీ నియమానికి అంచు ఉంటుంది. ఆ అంచు అవతల పడ్డవాడి సంగతేంటి? సెలవులో దెబ్బ తగిలితే అది ఉద్యోగం వల్లేనా అన్న ప్రశ్న వస్తుంది. మిలిటరీ అకాడమీల్లో శిక్షణ పొందుతూ గాయపడి ఇంటికొచ్చిన క్యాడెట్లున్నారు. కమిషన్, అంటే అధికారి హోదా, ఇంకా రాలేదు కాబట్టి వాళ్లు మాజీ సైనికుల లెక్కలోకే రాలేదు. దశాబ్దాలు అలాగే గడిచాయి. మొన్న 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు తనంత తాను ఆ విషయం విచారణకు తీసుకుంది. ఆ తర్వాత వాళ్లకు ఈసీహెచ్‌ఎస్ వైద్యం వర్తింపజేశారు. అప్పటిదాకా ఆ పిల్లల్ని మోసింది ఎవరు? తల్లిదండ్రులు. అప్పు చేసి, పొలం అమ్మి.

ఇంకోటి చూడండి. మన ఇళ్లకు గడపుంటుంది, వీధరుగుంటుంది, మూడు మెట్లుంటాయి. బాత్రూం తలుపు రెండడుగులు, చక్రాల కుర్చీ పట్టదు. కుర్చీ సర్కారు ఇచ్చినా అది బాత్రూంలోకి పోకపోతే ఏం లాభం? ఆ తలుపు వెడల్పు చేయించడానికి, మెట్ల పక్కన వాలుబాట పోయించడానికి ఏ ఫారంలోనూ గడి ఉండదు. మేస్త్రీకి రెండు రోజుల పని. మేస్త్రీలున్నారా ఇక్కడ? ఉన్నారు, చాలా సంతోషం. తర్వాత నన్ను కలవండి.

మురళీకాంత్ పేట్కర్ గారి పేరు విన్నారా? మహారాష్ట్రలో సాంగ్లీ జిల్లా మనిషి, సైన్యంలో యంత్రాలు బాగుచేసే ఈఎంఈ విభాగంలో సిపాయి, బాక్సరు. 1965 యుద్ధంలో ఒళ్లంతా తూటాలు దిగాయి, ఒకటి వెన్నులో ఉండిపోయింది. నడుము కింద పోయింది. చికిత్సలో భాగంగా నీళ్లలో దింపారు. అక్కడ ఈత పట్టుకున్నాడు. 1972లో జర్మనీలోని హైడెల్‌బర్గ్ పారాలింపిక్స్‌లో 50 మీటర్ల ఫ్రీస్టయిల్‌లో బంగారు పతకం కొట్టాడు. ఒలింపిక్స్, పారాలింపిక్స్ రెండూ కలిపి చూసుకున్నా వ్యక్తిగత పోటీలో భారతదేశానికి అదే మొదటి బంగారం. ఆయన అక్కడిదాకా వెళ్లడానికి చేయూతనిచ్చింది క్రికెటర్ విజయ్ మర్చంట్ నడిపిన సేవా సంస్థ. ఆ రోజు ఎవరో పది రూపాయలు, ఇరవై రూపాయలు ఆ సంస్థకు ఇచ్చి ఉంటారు. తాము ఏ పతకానికి చెయ్యేశారో వాళ్లకు తెలిసుండదు. ప్రభుత్వం పద్మశ్రీ ఎప్పుడిచ్చింది? 2018లో. నలభై ఆరేళ్ల తర్వాత.

నాగాలాండ్ సోదరుడు హొకాటో సేమా సంగతి చూడండి. 2002లో కాశ్మీర్‌లో చౌకీబల్ దగ్గర మందుపాతర మీద కాలు పడింది, ఎడమ కాలు పోయింది. షాట్‌పుట్ ఎప్పుడు పట్టుకున్నాడు? 2016లో, పుణెలో. మధ్యలో పద్నాలుగేళ్లు. 2024 పారిస్‌లో కాంస్యం తెచ్చాడు. పేపర్లో పతకం ఫోటో వేశారు, బాగుంది. నా కళ్లు మాత్రం ఆ పద్నాలుగేళ్ల మీదే ఉన్నాయి. ఆ పద్నాలుగేళ్లలో ఎవరైనా అతన్ని వదిలేసి ఉంటే? మొదటి రెండేళ్లలో లేవలేదు కదా, ఇక లేవడులే అని లెక్క మూసేసి ఉంటే? గాయం ఒక్క నిమిషంలో అవుతుంది. కోలుకోవడం నలభై ఏళ్ల పని. నేనడిగేది ఒక్కటే, మన సాయం కూడా అన్నేళ్లు నడవాలి.

గాయపడినవాళ్లే లేచి మిగతావాళ్లకు చెయ్యందించిన చోట పని ఇంకా బాగా జరిగింది. లెఫ్టినెంట్ జనరల్ విజయ్ ఒబెరాయ్ గారు 1965 యుద్ధంలో కాలు పోగొట్టుకున్నారు. కృత్రిమ కాలితోనే సైన్యం ఉపాధిపతి, అంటే వైస్ చీఫ్ స్థాయికి ఎదిగారు. రిటైరయ్యాక వార్ వూండెడ్ ఫౌండేషన్ పెట్టారు. కార్గిల్‌లో కాలు పోయిన మేజర్ డి.పి. సింగ్ కాలు లేనివాళ్ల కోసం ఒక బృందం కట్టి, వాళ్లను పరుగు పందేలకు తీసుకెళ్తారు. డాక్టరు వంద చెప్పండి, నర్సు నూట పది చెప్పండి, మంచం మీదున్న కుర్రాడు గోడ వైపు తిరిగి పడుకుంటాడు. కాలు లేని ఇంకో సిపాయి నడుచుకుంటూ వచ్చి ఆ మంచం మీద కూర్చుంటే ఇటు తిరుగుతాడు. నేను కళ్లారా చూశాను.

సైనికులకిస్తే సైనికులకే పోతుంది, మా అబ్బాయి సిపాయి కాదు కదా అనుకునేవాళ్లుంటారు. వాళ్లకు డెహ్రాడూన్ కథ చెప్పాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో చూపు పోయిన సిపాయిల కోసం లండన్‌లో ఆర్థర్ పియర్సన్ అనే పత్రికాధిపతి 1915లో సెయింట్ డన్‌స్టన్స్ అనే సంస్థ పెట్టాడు. ఆయనకూ చూపు లేదు. గలిపొలి యుద్ధంలో చూపు పోయిన న్యూజిలాండ్ సైనికుడు క్లూథా మెకెంజీ అక్కడే తర్ఫీదు పొందాడు. రెండో ప్రపంచ యుద్ధంలో చూపు పోయిన మన సిపాయిల కోసం ఆయన మన దేశమొచ్చి 1943లో డెహ్రాడూన్‌లో హాస్టలు పెట్టాడు. యుద్ధం అయిపోయాక 1950లో భారత ప్రభుత్వం దాన్ని తీసుకుని, పెద్దవయసు అంధులకు శిక్షణ కేంద్రంగా మార్చింది. మరుసటి ఏడాది అక్కడే బ్రెయిల్ ప్రెస్ పెట్టింది. ఇవాళ దేశంలో చూపులేని వారికోసం ఉన్న జాతీయ సంస్థ అదే. సిపాయి కోసం వేసిన బాటలో ఇవాళ ఎవరి పిల్లలు నడుస్తున్నారో చూడండి.

ఇక ఇచ్చే పద్ధతి. త్వరగా చెప్పేస్తాను, టీ వాళ్లు సైగ చేస్తున్నారు. పతాక దిన నిధికి కేంద్రీయ సైనిక బోర్డు వెబ్‌సైటులో నేరుగా కట్టవచ్చు, జిల్లా ఆఫీసులోనూ ఇవ్వవచ్చు. రసీదు తీసుకోండి. ఆదాయపు పన్నులో 80జీ మినహాయింపు ఉంటుంది, అయితే కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకు రాదు. యుద్ధ గాయాలకు, అమరుల కుటుంబాలకు 2022లో రక్షణ శాఖ 'మా భారతీ కే సపూత్' అని వెబ్‌సైటు తెచ్చింది. రైసుమిల్లుల వాళ్లు, కంపెనీల వాళ్లు ఉన్నారు. సీఎస్సార్, అంటే కంపెనీల సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాల్సిన కంపెనీలకు మాజీ సైనికుల సంక్షేమం కూడా చట్టంలో రాసి ఉన్న పద్దే. మీ ఆడిటరు గారిని అడగండి. మన పిల్లలు అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉన్నారు. వాళ్లు భారత పౌరులే అయితే బ్యాంకు ద్వారా పంపింది విదేశీ విరాళం కింద రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లయితే వస్తుంది. అప్పుడు ఆ సంస్థకు విదేశీ విరాళాలు తీసుకోవడానికి కావలసిన ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ ఉందో లేదో ముందే కనుక్కోవాలి.

తెలియని సంస్థ ఏదైనా ఫోను చేస్తే ఒక్క ప్రశ్న అడగండి. "పదేళ్ల కింద గాయపడినవాళ్లు ఇవాళ మీ దగ్గర ఎంతమంది ఉన్నారు? వాళ్లకు పోయిన నెల ఏం చేశారు?" నిజంగా పని చేసేవాళ్లు గుక్క తిప్పుకోకుండా చెప్తారు. రక్తం ఫోటో పంపించి, ఈ రాత్రికే డబ్బు వేయమన్నవాళ్లకు వేయకండి.

ప్రశ్నలేమైనా ఉన్నాయా? చెప్పండి మాస్టారూ.

మాస్టారు అడుగుతున్నది ఏమిటంటే, పెన్షన్ మీద బతికేవాళ్లం, పెద్ద మొత్తాలు ఇవ్వలేం, ఏం చేయమంటారు అని. మాస్టారూ, నెలకు వంద ఇవ్వండి. బ్యాంకులో చెప్తే ప్రతి నెలా దానంతటదే పోయేలా పెడతారు. అక్కడ లెక్కలు చూసేవాడికి వచ్చే ఏడాది కూడా ఇంత వస్తుందని తెలిస్తే, మనిషిని జీతానికి పెట్టుకోగలడు. ఒక్కసారి వచ్చి పోయే లక్షతో జీతగాణ్ణి పెట్టుకోలేడు. డబ్బు కుదరదంటే మీ చేతిరాత ఇవ్వండి. మన మండలంలో గాయపడి ఇంటికొచ్చిన మాజీ సైనికులు ఎవరెవరున్నారో, ఎవరి పెన్షన్ కాగితం ఎక్కడ ఆగిందో, ఎవరికి అప్పీలు రాయాలో జాబితా తయారు చేస్తున్నాం. హిందీలో, ఇంగ్లీషులో అర్జీ రాయగలిగినవాళ్లు కావాలి. వచ్చే ఆదివారం మాధవరం నుంచి మొదలుపెడతాం. పొద్దున ఏడింటికి బస్టాండు దగ్గరకు రండి, నా బండి మీద తీసుకెళ్తాను. మేస్త్రీ గారూ, మీరు టేపు పట్టుకుని రండి.